ముప్పై మూడు దిర్హాములు

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్క్ ఓజే 1992లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో దాని పేరు 'నాన్-ప్లేసెస్'. చోటు కాని చోట్లు అనుకోవచ్చు. పియెర్ దుపాఁ అనే ఒక కల్పిత ప్రయాణికుడితో అది మొదలవుతుంది. ఆయన బ్యాంకు యంత్రంలో డబ్బు తీసుకుంటాడు, కారులో పారిస్ విమానాశ్రయానికి వెళ్తాడు, డ్యూటీ ఫ్రీ దుకాణంలో ఒక కోన్యాక్ సీసా కొంటాడు, విమానమెక్కి ఎవరితోనూ నిమిత్తం లేని ఆ కాసేపటి ఏకాంతాన్ని అనుభవిస్తాడు. విమానాశ్రయాలూ, పెద్ద రహదారులూ, సూపర్‌మార్కెట్లూ ఇలాంటి చోట్లేననీ, వాటికి చరిత్ర పట్టదనీ, అక్కడ మనిషికి మనిషితో సంబంధం కలవదనీ ఓజే వాదం.

దాన్ని ఇక్కడ సమీక్షించాలన్న ఉద్దేశంతోనే 2016 డిసెంబరులో మాంచెస్టర్ నుంచి దుబాయి మీదుగా హైదరాబాదు వెళ్తూ వెంట తీసుకెళ్ళాను. దుబాయి చేరేసరికి మూడు వంతులు పూర్తయింది. ఓజేతో తల ఊపుతూనే విమానం దిగాను. మిగిలిన భాగం తర్వాత చదివాను గాని, ఆ సమీక్ష మాత్రం ఇన్నేళ్ళూ రాయలేకపోయాను. ఇది కూడా సమీక్ష కాదు. ఎందుకు రాయలేకపోయానో చెప్పడం మాత్రమే.

హైదరాబాదు విమానానికి నాలుగు గంటల వ్యవధి ఉంది. పాస్‌పోర్టు సంచిలో క్రితంసారి మిగిలిన రూపాయలున్నాయి: పద్నాలుగు ఐదువందల నోట్లు, ఆరు వంద నోట్లు. నవంబరు 8 రాత్రి ప్రకటనతో ఐదువందల నోట్లు చెల్లకుండా పోయాయి. డిసెంబరు 30లోగా బ్యాంకులో జమ చేసుకోవడమే వాటికి మిగిలిన గతి. చేతిలో కొన్ని కొత్త నోట్లుంటే మంచిదని కరెన్సీ మార్పిడి కౌంటరు దగ్గరకు వెళ్ళాను.

ఈ కౌంటర్ల మీద వేలాడే పట్టికను నేను చాలా ఏళ్ళుగా ఒక విచిత్ర గ్రంథంలా చదువుతున్నాను. ఒక దేశం జెండా, పక్కనే రెండు అంకెలు: మేము కొనే ధర, మేము అమ్మే ధర. 'కమిషన్ లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కమిషన్ అంతా ఆ రెండంకెల నడుమ కూర్చుని ఉంటుందని మాత్రం రాయరు. విమానాశ్రయాల్లో ఆ దూరం ఊళ్ళో కంటే ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే అక్కడ నిలబడ్డవాడికి వేరే అంగడి లేదు. నాణేలు అసలు తీసుకోరు. దుకాణాల్లో కార్డు యంత్రం కూడా ఇదే ఆట ఆడుతుంది: పౌన్లలో చెల్లిస్తారా, దిర్హాముల్లో చెల్లిస్తారా అని మర్యాదగా అడుగుతుంది. పౌన్లన్న వాళ్ళకి ఆ మర్యాద ఖరీదు కూడా బిల్లులో కలుస్తుంది. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బులోనే చెల్లించాలన్న పాఠం నాకు మూడు నాలుగు ప్రయాణాలయ్యాక గాని ఒంటబట్టలేదు.

ఆ సాయంత్రం పట్టికలో భారతదేశపు జెండా పక్కన రెండు గళ్ళూ ఖాళీ. "రూపాయలు లేవు సార్. కొత్తవి మాకు రాలేదు, పాతవి తీసుకోం" అన్నాడు కౌంటరులోని మలయాళీ కుర్రవాడు హిందీలో. రోజుకు ఎంతమందికి చెప్పి ఉంటాడో, ముఖం చూడకుండానే చెప్పాడు.

చరిత్ర లేని చోటు అన్న ఓజే మాట మీద నాకు మొదటి అనుమానం అక్కడే కలిగింది. ఒకప్పుడు ఈ నగరంలో చలామణీ అయినది రూపాయే. గల్ఫు నుంచి బంగారం దొంగరవాణా వల్ల అక్కడ రూపాయలు పోగుపడి, అవి తిరిగొచ్చి మన విదేశీ మారకపు నిల్వలను తినేస్తున్నాయని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు కోసమే వేరే రంగుల్లో ప్రత్యేక నోట్లు అచ్చువేసింది. 1966 జూన్ 6న డాలరుకు 4.76 ఉన్న రూపాయిని 7.50కి దించేసరికి ఇక్కడివాళ్ళు దానికి స్వస్తి చెప్పారు. దిర్హాము 1973లో వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున అది కదలకుండా నిలబడి ఉంది. కదిలేది మన వైపే. ఒకనాడు రూపాయి ఏలిన ఊళ్ళో ఆ రోజు ఒక్క రూపాయి దొరకలేదు.

డ్యూటీ ఫ్రీ దుకాణం ఆ రోజు తిరునాళ్ళలా ఉంది. 1947లో ఐర్లండులోని షానన్‌లో, అట్లాంటిక్ దాటే విమానాలు నూనె పోసుకోవడానికి ఆగే చోట, ఈ రకం దుకాణాలు పుట్టాయి. విమానం దిగి మళ్ళీ ఎక్కబోయే ప్రయాణికుడు చట్టం ప్రకారం ఆ దేశంలో అడుగుపెట్టనట్టే, కాబట్టి అతను కొన్నదాని మీద సుంకం ఎందుకన్నది బ్రెండన్ ఓ'రీగన్ అనే ఆయన ఆలోచన. అదే షానన్ నుంచి మనుషుల్ని పిలిపించి దుబాయి 1983 డిసెంబరు 20న తన దుకాణం తెరిచింది. ఏటా ఆ తేదీన పావు వంతు ధర తగ్గిస్తారు. నేనక్కడ ఉన్నది సరిగ్గా ఆ తేదీనే. నాకు ముందుగా తెలియదు. తెలిసి వచ్చినవాళ్ళు మాత్రం బుట్టల మీద బుట్టలు పేర్చి నడుస్తున్నారు.

నాకూ జాబితా ఉంది. మా బావగారికి ఒక విస్కీ సీసా, వదినగారికి కుంకుమపువ్వు, పిల్లలకు చాక్లెట్లు. మన కస్టమ్స్ వారి 2016 నిబంధనల ప్రకారం రెండు లీటర్ల మద్యం, యాభై వేల రూపాయల విలువైన సామాను వరకు అప్పట్లో మినహాయింపు ఉండేది. ప్రవాసానికి వెళ్ళిన కొత్తలో ప్రతి ధరనూ రూపాయల్లోకి హెచ్చవేసి గుండెలు బాదుకునేవాణ్ణి. ఇప్పుడు ఊళ్ళో ప్రతి ధరనూ పౌన్లతో భాగించి ఇంతేనా అనుకుంటున్నాను. ఈ హెచ్చవేతకూ భాగహారానికీ మధ్య నాలో ఏదో మారింది. అది ఎప్పుడు మారిందో గుర్తులేదు.

చాక్లెట్ల వరుస దగ్గర ఒకాయన చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో ఒకే ఒక పొట్లం. బుట్టలో వేస్తున్నాడు, తీసి మళ్ళీ అరలో పెడుతున్నాడు. నేను ఫోనులో మా వదినగారితో మాట్లాడటం విని దగ్గరకొచ్చాడు.

"సార్, తెలుగోళ్ళా?"

"అవునండీ. ఏ ఊరు మీది?"

"జగిత్యాల దిక్కు సార్. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మా అమ్మ పోయింది. ఎల్లుండి పదో దినం. సావైన ఇంటికి చాక్లెట్లు పట్కపోవచ్చునా?"

నేను వైద్యుణ్ణి. మరణవార్తను ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలో, చెప్పాక ఎంతసేపు మౌనంగా ఉండాలో, నాకంటే చిన్నవాళ్ళకు నేర్పుతుంటాను. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆయనే చెప్పుకుపోయాడు. పాస్‌పోర్టు కంపెనీలో ఉంటుంది. సెలవు చేతికొచ్చేసరికి వారం దాటింది. చితికి తమ్ముడు నిప్పు పెడుతుంటే ఫోనులో చూశాడు. ఇంటికెళ్ళి రెండేళ్ళు దాటింది. చిన్నది పుట్టాక ఒక్కసారే చూశాడు. మామూలుగా అయితే ఇంటికి బయలుదేరే గల్ఫు కార్మికుడికి ఈ దుకాణంతో పని ఉండదు. ఆరు నెలల ముందునుంచే అట్టపెట్టె నిండుతూ ఉంటుంది: పాలపొడి డబ్బాలు, ట్యాంగ్, టైగర్ బామ్, బాదంపప్పు, ఒక బొంత దుప్పటి. అన్నీ ఊళ్ళో చవక అంగళ్ళలో కొన్నవే. ఈయనకు అంత వ్యవధి లేదు.

"పిల్లలు నా సంచి దిక్కు చూస్తరు సార్. ఒట్టి చేతులతోని ఎట్ల పోవాలె? మల్ల పట్కపోతే, తల్లి సచ్చిపోతే మిఠాయిలు తెచ్చిండని ఊరోళ్ళు అంటరేమో."

అప్పుడు మా అమ్మ పోయిన రోజులు గుర్తొచ్చాయి. కబురందిన గంటలో బయలుదేరి, తెనాలిలో ఇంటికి చేరేసరికి నా చేతిలో ఒక్క చిన్న సూట్‌కేసు. నేను లోపలికి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. అన్నయ్య పిల్లలూ, పిన్ని మనవలూ అరుగు మీద ఆ సూట్‌కేసు చుట్టూ చేరి కూర్చున్నారు. ఏడవకూడదని గాని, ఆడకూడదని గాని వాళ్ళకెవరూ చెప్పలేదు. బాబాయి వచ్చాడంటే పెట్టె తెరుస్తాడు, అంతవరకే వాళ్ళకు తెలుసు. నేను చూడలేదు. మా పెద్దమ్మ చూసింది. ఎవరికీ చెప్పకుండా పాలేరు కుర్రాణ్ణి పంపి బిస్కట్లు తెప్పించి, "బాబాయి ఇంగ్లండు నుంచి తెచ్చాడర్రా" అని పంచింది. "ఇవి మన సందు చివరి కొట్లోవేగా" అన్నాడట ఒకడు. "అక్కడా ఇవే దొరుకుతాయి, నోరు మూసుకుని తిను" అన్నదట పెద్దమ్మ. పదకొండో రోజు దాటాక చెప్పిందామె, నవ్వుతూ. ఆ నవ్వు విన్నాకే నాకు మొదటిసారి ఏడుపొచ్చింది.

ఇదంతా ఆయనకు చెప్పలేదు. "తీసుకెళ్ళండి. దినం రోజున భోజనాలయ్యాక పిల్లలకు పంచండి. మా ఇంట్లో పెద్దవాళ్ళే పంచారు" అన్నాను. మా పెద్దమ్మ అబద్ధాన్ని నేను ఇంకాస్త సాగదీశాను.

ఆయన పొట్లం మీద ధర మళ్ళీ చూసుకున్నాడు. నలభై అయిదు దిర్హాములు. "నాకు ఒక దినం జీతం కంటె ఎక్కువే. ఇయ్యాల తగ్గిస్తున్రు గద, ముప్పై నాలుగు పడతది" అన్నాడు. రూపాయల్లోకి హెచ్చవేయలేదు, దేనితోనూ భాగించలేదు. రోజుల్లో కొలిచాడు. నా విస్కీ సీసా నా రోజులో ఎంత భాగమో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

డబ్బు చెల్లించి బయటకు వచ్చాక అసలు ఇబ్బంది చెప్పాడు. జీతమంతా దినాల ఖర్చుకని ముందే పంపేశాడు. దగ్గర కొద్ది దిర్హాములున్నాయి, రూపాయి లేదు. కౌంటరులో లేవన్నారు. ఇంటివాళ్ళు కారు మాట్లాడి పంపుతామంటే వద్దన్నాడు, బస్సులో పోతాడు. తెల్లవారుజామున దిగితే ఏటీఎంల దగ్గర వరుసలెలా ఉన్నాయో ఫోనులో వింటూనే ఉన్నాడు. నన్ను తీసుకెళ్ళడానికి మా అన్నయ్య కొడుకు వస్తాడు. నా ఆరు వంద నోట్లూ తీసి ఆయన చేతిలో పెట్టబోయాను.

చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఊరికెనె తీసుకోను సార్. అమ్మ దినాలకు పోతున్న. మీదికి బాకీ పెట్టుకుని పోవుడు మంచిగుండదు."

"సరే, మార్చుకుందాం. రేటెంత?" అన్నాను.

నేను ఫోను తీసేలోపే చెప్పాడు: "పొద్దుగాల పద్దెనిమిదిన్నర ఉన్నది సార్." తర్వాత చూస్తే సరిగ్గా అంతే ఉంది. ఆసుపత్రిలో మేము రోగి నాడి రాసుకున్నట్టు, గల్ఫులో పనిచేసేవాళ్ళు ఈ అంకెను పూటపూటకూ చూసుకుంటారని నాకప్పుడే తెలిసింది. ఆరువందలకు ముప్పై రెండున్నర దిర్హాములకు కొంచెం తక్కువ. ఆయన ఒక ఇరవై నోటు, ఒక పది నోటు, మూడు నాణేలు లెక్కపెట్టి నా అరచేతిలో పెట్టాడు. తిరిగివ్వడానికి నా దగ్గర చిల్లర లేదు. "ఉండనీయుండ్రి" అన్నాడు. కౌంటరు కుర్రవాడు అవతలి నుంచి ఈ లావాదేవీ చూస్తూ చిన్నగా నవ్వాడు. లెక్క ప్రకారం ఆయనకు నేను ఇప్పటికీ అర దిర్హాము పైన బాకీ.

విమానంలో ఆయన ఎక్కడో వెనక కూర్చున్నాడు. నేను పుస్తకం తెరిచాను గాని చదవలేదు. పియెర్ దుపాఁ కొన్న కోన్యాక్ ఎవరి కోసమైతేనేం, ఆయనతో పేచీ లేదు. చుట్టూ చూశాను. తలల మీది అరలనిండా సంచులు. ఒక్కో సంచిలో ఒక్కో ఇంటి వరస: అత్తకు, మరదలికి, చిన్నోడికి, ఊళ్ళో సర్పంచికి ఒక సెంటు సీసా.

శంషాబాదులో దిగేసరికి మూడున్నర. సామాను తిరిగే పట్టీ చుట్టూ మూడు వరుసల జనం. తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటి మీద నల్లరంగు మార్కరుతో పేరు, ఊరు, మండలం, జిల్లా. ఇంటిపేరు మరిచిపోయిన పెట్టె ఒక్కటీ కనిపించలేదు. నా సూట్‌కేసు కోసం చూస్తుండగా ఆయన పక్కనుంచి వెళ్ళాడు. ఎదురుచూడటానికి ఆయనకు పెట్టె లేదు. ఒక భుజాన చేతిసంచి, చేతిలో దుకాణం వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచి. నన్ను చూసి ఆగాడు.

"పొయ్యొస్త సార్" అని, ఆ ప్లాస్టిక్ సంచిని ఒకసారి తెరిచి లోపలికి చూసుకుని, మళ్ళీ మడిచి, చేతిసంచిలో అడుగున పెట్టుకుని గ్రీన్ చానల్ వైపు నడిచాడు.