మూడు బిల్లులు, ముప్పై తడిసిన సంచులు

మా నాచారంలో పెద్ద వాన పడితే ముందు సెల్లార్లో బండ్లు తడుస్తాయి, తర్వాత కరెంటు పోతుంది, ఆ తర్వాత అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో తిట్లు మొదలవుతాయి. 2020 అక్టోబరు 13 మంగళవారం రాత్రి మూడూ ఒకేసారి జరిగాయి. ఆ ఒక్కరోజే ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. ఘట్‌కేసర్ అంటే ఎక్కడో కాదు, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే వచ్చేదే. తెల్లారేసరికి రామంతపూర్, హబ్సిగూడ పల్లపు కాలనీల్లో జనం ఇళ్ళల్లోంచి నీళ్ళు తోడిపోస్తున్నారు.

కోవిడ్ రోజులు కదా, అందరం ఇళ్ళలోనే ఉన్నాం. మా పాత ప్రాజెక్టు టీములో ఎవడో "మనమేమన్నా చేద్దాం రా" అన్నాడు. రెండ్రోజుల్లో 3,20,000 రూపాయలు పోగయ్యాయి, అన్నీ నా అకౌంటులోకే. ఎందుకంటే నేనుండేది నాచారం, ఆఫీసు ఉప్పల్, పైగా ఆఫీసులో నా పని సబ్ కాంట్రాక్టర్ల ఎస్టిమేట్లు చూడ్డం. "నీకైతే వెండర్ మేనేజ్‌మెంటు తెలుసు" అన్నారు. తెలుసనే నేనూ అనుకున్నా :)

ఉప్పల్లో ఒక రిటైర్డు టీచరు గారున్నారు. పేరు వద్దులెండి, మాస్టారు అందాం. బస్తీ పిల్లలకి సాయంత్రాలు ట్యూషన్ చెప్పే చిన్న సొసైటీ ఆయనది. రిజిస్ట్రేషనుంది, బ్యాంకు అకౌంటుంది, అంతకుమించి ఏమీ లేదు. కానీ ఏ గల్లీలో ఎవరిల్లు మునిగిందో ఆయనకి తెలిసినంత మాలో ఎవరికీ తెలీదు. 400 కుటుంబాలకి ఒక్కో కిట్టు 800 రూపాయల లెక్కన.. పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, ఒక దుప్పటి. ఫోన్లోనే అన్నీ మాట్లాడుకున్నాం. మా షరతులు రెండే. ప్రతి రూపాయికీ బిల్లు కావాలి. నూటికి నూరు శాతం బాధితులకే చేరాలి, ఖర్చుల కింద పైసా ఇవ్వం. ఆయన "సరే బాబూ" అన్నారు. 16వ తేదీన మొత్తం డబ్బు ఒకేసారి పంపేశాను.

ఈ మధ్యలో ఇంకో తలనొప్పి. డల్లాసులో ఉన్న మా స్నేహితుడు 500 డాలర్లు పంపుతానన్నాడు. వాడికి అమెరికన్ పాస్‌పోర్టు వచ్చేసింది. ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం ప్రకారం వాడిచ్చేది విదేశీ సొమ్ము, ఆ రిజిస్ట్రేషను లేని మాస్టారు తీసుకుంటే నేరం. వాడి రూమ్మేటుది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, అతను తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే మాత్రం విదేశీ సొమ్ము కాదు. ఒకే వంటిల్లు, ఒకే కుక్కరు, రెండు రకాల డాలర్లు! నేను వద్దంటే వాడు నొచ్చుకున్నాడు. పోనీ రిజిస్ట్రేషనున్న పెద్ద సంస్థకిచ్చి వాళ్ళ ద్వారా మాస్టారికి ఇప్పిద్దామంటే, సరిగ్గా ఆ వరదకి రెండు వారాల ముందే, 2020 సెప్టెంబరు చివర్లో, చట్టం మారింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు. ఆఫీసు ఖర్చుల పరిమితిని కూడా 50 శాతం నుంచి 20కి దించారు. దుర్వినియోగం ఆపడానికే అన్నారు, ఆ కారణాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ గల్లీ తెలిసినవాడికీ, డబ్బున్నవాడికీ మధ్య ఉన్న ఒక దారి అలా మూసుకుపోయింది.

సరే, అసలు విషయానికొస్తా. నెలాఖరుకి బిల్లులొచ్చాయి, మూడు. 16, 19, 22 తేదీలు, ఒకే కొట్టు. టెస్టింగు చేసే మా వాడు ఒకడున్నాడు, వాడి కళ్ళకి ఏదీ ఆగదు. సీరియల్ నంబర్లు 61, 62, 63. "ఆరు రోజుల్లో ఆ కొట్లో ఇంకెవడూ బిల్లు తీసుకోలేదా? ఒకేసారి కూచుని రాసినవిరా ఇవి" అన్నాడు గ్రూపులో. (మన కిరాణా కొట్లలో అసలు బిల్లు అడిగేదెవడు అనేది వేరే సంగతి.) పావుగంటలో మాస్టారు దొంగ అయిపోయారు.

వాళ్ళది మరీ అన్యాయమైన అనుమానం అని అనలేను. ఆ రోజుల వాతావరణం అలాంటిది. ప్రభుత్వం వరద బాధితులకి కుటుంబానికి పదివేలు ప్రకటించి 550 కోట్లు విడుదల చేసింది. చేతికి నగదు ఇచ్చే దగ్గర స్థానిక నాయకులు వాటా కోసుకుంటున్నారని పేపర్లనిండా ఆరోపణలు. తర్వాత మీసేవ కేంద్రాల ముందు కిలోమీటర్ల క్యూలు, నవంబరు 18న జీహెచ్‌ఎంసీ ఎన్నికల పేరుతో ఎన్నికల సంఘం ఆపించడం.. అన్నీ చూశాం.

అయినా నాకు మనసొప్పక, మాస్టారిచ్చిన 400 పేర్ల లిస్టులోంచి లాటరీ తీసినట్టు ఇరవై తీసి ఫోన్లు చేశాను. పద్దెనిమిది మంది ఎత్తారు. పద్దెనిమిది మందికీ కిట్టు అందింది. ఒకావిడ "బియ్యం మంచిగున్నయ్ సార్, దుప్పటే జర పల్చగుంది" అన్నారు. మరి బిల్లులు?

ఆదివారం బండేసుకుని ఉప్పల్ వెళ్ళాను. మాస్టారు నేను అడక్కముందే ఒక రఫ్ నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. కొట్టువాడితో బేరమాడితే కిట్టు 740కే వచ్చింది. మిగిలిన అరవై చొప్పున 24,000. ఆటో ట్రాలీలకి, హమాలీలకి, టార్పాలిన్లకి, బురదలో మూటలు మోసిన కుర్రాళ్ళ భోజనాలకి అదే ఖర్చు పెట్టారు. మేము ఖర్చులివ్వం అన్నాం కాబట్టి కొట్టువాడితో 800 లెక్కనే బిల్లులు రాయించారు.

ఆ నోటుబుక్కులో కింద ఇంకో లైనుంది. 17వ తేదీ శనివారం రాత్రి మళ్ళీ కుంభవృష్టి పడింది, గుర్తుందా? ట్యూషను గదిలోకి నీళ్ళొచ్చి అడుగు వరసలో ఉన్న ముప్పై బియ్యం సంచులు తడిసిపోయాయి. 390 చొప్పున 11,700 రూపాయలు. ఆయన తన పెన్షన్లోంచి మళ్ళీ కొన్నారు.

"మాకు చెప్పొచ్చు కదా మాస్టారూ" అన్నాను.

"చెప్తే నా అజాగ్రత్త అనరా బాబూ? మీ షరతుల్లో నష్టం అనే మాటే లేదాయె" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆఫీసులో మన ఎస్టిమేటులో కాంటింజెన్సీ లైను లేకపోతే ఏ మేనేజరైనా ఊరుకుంటాడా? సర్వరు పోతే ఎవరు భరించాలి, రిక్వైర్‌మెంటు మారితే ఎవరు కట్టాలి, పేజీలకు పేజీలు రాసుకుంటాం. అలాంటి నేను, వరద నీళ్ళలో పని చేసే మనిషికి, జీరో మార్జిన్‌తో, మొత్తం రిస్కు ఆయన నెత్తినే పెట్టి, దానికి "నూటికి నూరు శాతం" అని ముద్దు పేరు పెట్టాను. ఆయన చేత దొంగ బిల్లు రాయించింది ఒక రకంగా నేనే.

తర్వాత కుతూహలం కొద్దీ పెద్దవాళ్ళు ఎలా చేస్తారో చదివాను. యూనిసెఫ్, యూఎన్‌డీపీ లాంటి ఐక్యరాజ్యసమితి సంస్థలకి 'హ్యాక్ట్' అని ఒక పద్ధతుంది. పని చేసే స్థానిక సంస్థ లెక్కల పద్ధతిని ముందే చూసి తక్కువ, మధ్యస్థం, గణనీయం, ఎక్కువ అని రిస్కు కడతారు. రిస్కుని బట్టే డబ్బు ముందివ్వాలా, దుకాణదారుకి నేరుగా కట్టాలా, ఖర్చయ్యాక ఇవ్వాలా అని తేలుస్తారు. రిస్కు ఎక్కువైతే వెళ్ళి చూడ్డం కూడా ఎక్కువవుతుంది. కాయితం మీద బానే ఉంది. కానీ 2016లో ఇస్తాంబుల్లో దాతలూ, పెద్ద సంస్థలూ కలిసి, 2020కల్లా సాయంలో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానికులకే ఇస్తాం అని రాసుకున్నారు. 2020 వచ్చింది, పోయింది, ఆ అంకె అందలేదు. చిన్న సంస్థ అంటే రిస్కు అని అందరికీ భయం.

కాయితాలు పక్కాగా ఉంటే రిస్కు లేదనుకోవడానికి హైదరాబాదు ఐటీ వాళ్ళకి అసలు వీల్లేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఉత్తరం మనలో చాలామంది ఆఫీసులో కూచుని చదివినవాళ్ళమే. పెద్ద ఆడిటర్లు సంతకం పెట్టిన పుస్తకాల్లో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్త గాలి. ఆ డబ్బుందా లేదా అన్నది కంపెనీ ఇచ్చిన కాయితాల్లో కాదు, బ్యాంకునే నేరుగా అడిగి తేల్చుకోవాల్సింది. మా కేసులో బ్యాంకు అంటే ఆ పల్చటి దుప్పటి ఆవిడే. ఆవిడకి ఫోను చెయ్యడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు, అదీ గొడవయ్యాక.

గ్రూపులో మొత్తం రాశాను. పదకొండువేల ఏడొందలు మేమే వేసుకుని పంపితే మాస్టారు వెనక్కి పంపేశారు. రెండోసారి పంపితే పిల్లల పుస్తకాలకి వాడారట, ఈసారి నిజం బిల్లుతో :) టెస్టింగువాడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "కారణమేదైనా, దొంగ బిల్లు దొంగ బిల్లే" అంటాడు. వాడన్నదీ తప్పని అనలేను. మాకిద్దరికీ ఈ విషయం మీద ఇంకా పడదు.

2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు మళ్ళీ చందాలేసుకున్నాం. అక్కడ పని చేసింది మాస్టారి పాత స్టూడెంటు ఒకతను. ఈసారి డబ్బు రెండు విడతలు, రవాణాకీ కూలికీ ఎనిమిది శాతం, మధ్యలో మావాళ్ళిద్దరు వెళ్ళి చూడ్డం, ఇరవై ఫోన్లు. ఎనిమిది శాతం ఎందుకని గ్రూపులో రెండ్రోజులు కొట్టుకున్నాం. ఆ ఎక్సెల్ షీటు ప్రింటు తీసి మాస్టారికి చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి చివరిదాకా చదివారు.

"అన్నీ రాశావు గానీ బాబూ, తడిసే బియ్యం ఎక్కడ?" అన్నారు.