కోప్రా గట్టున జక్కవలు

బిలాస్‌పూర్ అనగానే తెలుగువారికి రైళ్ళే స్ఫురిస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు కొలువుకై వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. కాగా, చలి ముదరగానే టిక్కెట్టు లేకుండా దిగే అతిథులు వేరే ఉన్నారు. వారి మజిలీ నగర సమీపంలోని కోప్రా జలాశయం. మహానది ఎగువ పరీవాహక ప్రాంతంలో, వాన నీటిని నిలిపి పొలాలకు పారించే తటాకమిది.

వేకువ మంచు విడుతూండగా నీటి అంచున నారింజ వన్నె పక్షులు జంటలు జంటలుగా కానవస్తాయి. అవే జక్కవలు! రేయి ఎడబాటుకు కుమిలే చక్రవాకాలను కావ్యాలలో చదివి, కవికల్పన అనుకున్నవారెందరో! నిజానికి ఇవి మధ్య ఆసియా, టిబెట్టు ప్రాంతాలలో పిల్లలను పొదిగి, శీతకాలంలో మన దేశానికి వచ్చే బాతులు. రాత్రిళ్ళు మేతకు పోతాయి. విరహం మాట ఎలా ఉన్నా, ఆ కేకలోని దైన్యం మాత్రం కవులు కల్పించినది కాదు.

రైతుకూ పక్షికీ ఇక్కడ ఒకటే నీరు. పొలాలకు వదిలినకొద్దీ బయటపడే బురద పొడుగుకాళ్ళ పక్షులకు విందు. మరీ అడుగంటితే బాతులకు తావు ఉండదు. 1971లో ఇరాన్‌లోని రాంసర్‌లో కుదిరిన ఒడంబడిక క్రింద, 2025 డిసెంబరులో కోప్రాకు అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ గౌరవం పొందిన మొదటి చిత్తడినేల ఇదే. నీటిమట్టాన్ని నిలపడం మాత్రం కాగితం వల్ల అయ్యే పని కాదు.

ఎండ ఎక్కగానే చూపరులు ఇళ్ళకు మళ్ళుతారు. జక్కవలు మెడను రెక్కల్లో దాచి కునుకుతీస్తాయి.