నజాషీ దేశపు పళ్ళెం

నవాబుపేట నుండి శంకర్‌పల్లి మీదుగా హైదరాబాదుకు బయలుదేరిన నాడు మా సంచిలో ఐదు కిలోల జొన్నపిండి, రెండు కిలోల తాండూరు కందిపప్పు ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా పాత శిష్యుడొకడు అంతకు వారం ముందు ఫోను చేసి, "హజ్రత్, నా స్నేహితుడు మిమ్మల్ని భోజనానికి పిలుస్తున్నాడు. అతనిది నజాషీ దేశం. రావాలి" అన్నాడు. నజాషీ పేరు విన్న తరువాత కాదనడం మా వల్ల కాలేదు.

అయినా మనసులో ఒక సంకోచం ఉన్నది. ఆతిథ్యమిచ్చేవాడు క్రైస్తవుడు. మాంసం సంగతేమిటని శిష్యుణ్ణి అడగాలని ఉన్నా, అడిగితే ఆ మాట అతని చెవిన పడి నొచ్చుకుంటాడేమోనని ఊరకున్నాము.

టోలిచౌకిలో సూడాన్, సోమాలియా, యెమెన్ దేశాల విద్యార్థులు చాలామంది అద్దె ఇళ్ళలో ఉంటారు. అటువంటి ఒక ఇంటి మూడవ అంతస్తులో ఆ యువకుడు తలుపు తీసి, కుడిచేయి ఛాతీపై ఉంచి "సలామ్" అన్నాడు. ఇథియోపియా ఉత్తరాన ఉన్న తిగ్రాయ్ ప్రాంతంలో, అదిగ్రాత్ పట్టణం అతని స్వస్థలం. ఆదివారం ప్రార్థన ముగించుకొని వచ్చి వండినందున పదకొండు గంటలయింది. ఉదయపు ఫలహారమూ మధ్యాహ్న భోజనమూ ఒకటేనన్నమాట.

చాప మీద కూర్చున్నాము. ముందుగా అతడే అన్నాడు: "అయ్యా, మా ఉపవాస దినాలలో మాంసం, పాలు, వెన్న ముట్టము. ఈ రోజు ఉపవాసం కాదు, కానీ మీ కోసం ఆ వంటే చేశాను. మా ఊళ్ళో ముస్లిములు ఇంటికి వస్తే అమ్మ ఇలాగే చేస్తుంది." శిష్యుడు అనువదించి చెబుతుంటే మేము తల దించుకున్నాము. మేము అడగలేకపోయిన ప్రశ్నకు అతని తల్లి ఏనాడో జవాబు సిద్ధం చేసి ఉంచింది.

పెద్ద పళ్ళెం మధ్యలో ఎర్రని పులుసు. చుట్టూ ఉసిరికాయలంత ముద్దలు. దీనిని తిహ్లో అంటారు. వేయించిన యవలను పిండి పట్టించి, నీళ్ళతో పిసికి ముద్దలు చేస్తారు, మళ్ళీ ఉడికించరు. రెండు మొనల పుల్లతో ముద్దను గుచ్చి పులుసులో ముంచి తింటారు. అదిగ్రాత్ వైపు పల్లెల వంటకమైన ఇది ఇటీవల మెకెలే, అడిస్ అబాబా హోటళ్ళలోకి కూడా ఎక్కిందట. అక్కడ మాంసం పులుసుతో పెడతారు. ఇతడు పప్పుపిండి, ఉల్లి, వెల్లుల్లి, మిరపకారంతో చేశాడు. పుల్లలు మాత్రం వెదురువి, చాకుతో చీల్చినవి.

పక్కనే తైతా. ఇథియోపియాలో ఇతరులు ఇంజెరా అనేది ఇదే. తెఫ్ అనే గసగసాలంత చిన్న ధాన్యపు పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, వెడల్పాటి పెనం మీద ఒకవైపే కాలుస్తారు. ఇక్కడ తెఫ్ దొరకదు. రాగులు, జొన్నలు కలిపి నాన్‌స్టిక్ పెనం మీద పోశాడు. మన దోసె కంటె మెత్తన, పులుపు ఎక్కువ. మా సంచిలోని జొన్నపిండిని వేళ్ళతో నలిపి చూసి, "ఇది మా పిండే" అన్నాడు. పరిహాసంగా అన్నా అది నిజమే. జొన్న సూడాన్ ప్రాంతంలోను, రాగి తూర్పు ఆఫ్రికా మెట్టలలోను మొదట సాగైనవని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. మా తాతలు తిన్న రొట్టె హబషా పొరుగు నుండి వచ్చినదని ఇన్నేళ్ళు మాకు తెలియదు.

అందరమూ ఒకే పళ్ళెంలో తిన్నాము. తొలి ముద్దను అతడు తన చేతితో మా నోటికి అందించాడు. గుర్షా అంటారట, అతిథికి గౌరవం. మా నోటికి ఒకరు ముద్ద అందించి యాభై ఏళ్ళవుతుంది.

సంతోషంలో మేము పాఠం మొదలుపెట్టాము. క్రీ.శ. 615లో మక్కాలో హింస భరించలేక వలస వెళ్ళిన విశ్వాసులకు నజాషీ రాజు ఆశ్రయమిచ్చిన సంగతి, హజ్రత్ జాఫర్ (రజి) మర్యమ్ సూరా వినిపించగా ఆ క్రైస్తవ రాజు కంటతడి పెట్టిన సంగతి. అతడు మర్యాదగా విని, "తెలుసునయ్యా. నెగాష్ మసీదు మా ఊరినుండి మెకెలే వెళ్ళే దారిలోనే. ఆ రాజు సమాధి అక్కడే ఉందంటారు. 2020 చివర్లో యుద్ధంలో దానిమీద గుండ్లు పడ్డాయి. మీరు విన్నారా?" అన్నాడు.

వినలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాము. 2020 నవంబరు నుండి 2022 నవంబరులో ఒప్పందం కుదిరేదాకా అక్కడ యుద్ధం, ఆకలి. ఫోన్లు, బ్యాంకులు మూతపడ్డాయి. ఏడాదికి పైగా అతడు తల్లి గొంతు వినలేదు. ఆ రోజులలో కూడా మేము పిల్లలకు నజాషీ న్యాయం గురించి చెప్పే ఉంటాము. తరువాత దుఆలో ఆ ఊరివారి కోసం ఒక్క మాట అడగలేదు.

"మా వాళ్ళు క్రైస్తవులు కూడా ఆ మసీదు కోసం ఏడ్చారు" అన్నాడతడు, నింద ఏమీ లేకుండా.

తరువాత కాఫీ. గింజలు అక్కడే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు విడతలు పోశాడు. మొదటిది అవెల్, రెండవది కాలెయ్, మూడవది బెరెకా. అవ్వల్, బరకత్ మాకు తెలిసిన మాటలే! మూడవది తాగకుండా లేస్తే ఆశీర్వాదం వదులుకున్నట్లేనట. జొహర్ వేళ దాటుతుందని తొందరపడుతున్న మా శిష్యుణ్ణి మేమే కూర్చోబెట్టాము.

మరుసటి వారం తరగతిలో గోడకు ఆఫ్రికా పటం తగిలించి, అక్సుమ్, నెగాష్, అదిగ్రాత్ ఎక్కడెక్కడో వేలితో చూపించాము. ఒక చిన్నవాడు లేచి, "హజ్రత్, ఇప్పుడు వాళ్ళకు అన్నం దొరుకుతున్నదా?" అని అడిగాడు. సాయంత్రం టోలిచౌకికి ఫోను చేసి ఆ ప్రశ్న అలాగే అడిగాము.