బైండింగు కుర్రాడు కనిపెట్టిన రేఖ

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. నాన్న తాపీపని చేస్తాడు. అమ్మ అదే పనిలో ఇటుకలు అందిస్తుంది. ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే, నాకు ఇష్టమైన లెక్క ఒకటి రాస్తానన్నాను.

తమ్ముళ్ళూ, జామెట్రీ బాక్సు తీయండి. ఒక వృత్తం గీయండి. దాని మీద ఏ, బి, సి బిందువులు పెట్టి, మూడు కోణాలూ తొంభై డిగ్రీలకు తక్కువ ఉండేలా త్రిభుజం గీయండి. అదే వృత్తం మీద బి, సి ల మధ్య, ఏ లేని వైపు, పి అనే బిందువు పెట్టండి. మూలమట్టం ఆనించి పి నుంచి మూడు భుజాలకూ లంబాలు గీయండి. భుజం చాలకపోతే పొడిగించండి. లంబం బిసి ని తాకిన చోట ఎల్, సిఏ ని తాకిన చోట ఎమ్, ఏబి ని తాకిన చోట ఎన్ అని రాయండి. ఇప్పుడు స్కేలు పెట్టి చూడండి. మూడూ ఒకే సరళరేఖ మీద ఉంటాయి! పి ని వృత్తం మీద ఎటు జరిపినా అంతే. వృత్తాన్ని వదిలి కొంచెం పక్కకు జరిపితే మాత్రం ఆ మూడూ కలిసి ఒక చిన్న త్రిభుజం అవుతాయి.

ఎందుకలా? మనకు హైస్కూల్లో చెప్పిన పాఠాలే చాలు. ఎన్ అనేది ఏబి ని బి దాటి పొడిగించిన చోట పడిందనుకుందాం. ఎల్, ఎన్ ల దగ్గర లంబకోణాలు కనుక, పిబి వ్యాసంగా గీసిన వృత్తం ఆ రెండింటి గుండా పోతుంది. ఒకే వృత్తఖండంలోని కోణాలు కనుక బిపిఎన్, బిఎల్ఎన్ సమానం. అలాగే పిసి వ్యాసంగా వృత్తం గీస్తే సిపిఎమ్, సిఎల్ఎమ్ సమానం. ఏ, బి, పి, సి చక్రీయ చతుర్భుజం. దాని బాహ్యకోణం పిబిఎన్, అంతరాభిముఖ కోణం పిసిఎమ్ కు సమానం. కాబట్టి పిబిఎన్, పిసిఎమ్ లంబకోణ త్రిభుజాల్లో మిగిలిన కోణాలు బిపిఎన్, సిపిఎమ్ కూడా సమానం. అంటే బిఎల్ఎన్, సిఎల్ఎమ్ సమానం. బి, ఎల్, సి ఒకే రేఖలో ఉన్నాయి. ఎన్ దానికి ఒక వైపు, ఎమ్ రెండో వైపు ఉన్నాయి. కనుక ఎన్, ఎల్, ఎమ్ కూడా ఒకే రేఖలో ఉండక తప్పదు.

పుస్తకాల్లో దీని పేరు సింసన్ రేఖ. రాబర్ట్ సింసన్ స్కాట్లాండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1711 నుంచి 1761 దాకా గణిత ఆచార్యుడు. చిత్రమేమంటే ఆయన రచనల్లో ఎక్కడా ఈ సిద్ధాంతం లేదు. దీన్ని 1799లో మొదట అచ్చు వేయించినవాడు విలియం వాలెస్. సింసన్ 1768 అక్టోబరులో చనిపోతే, వాలెస్ అదే ఏడాది సెప్టెంబరులో పుట్టాడు.

వాలెస్ తండ్రిది తోలు వ్యాపారం. అది దెబ్బతిన్నాక, 1784లో వాలెస్ ఎడిన్‌బరోలో పుస్తకాల బైండింగు పనిలో చేరాడు. డిగ్రీ లేదు. పని అయ్యాక తనంతట తానే లెక్కలు నేర్చుకున్నాడు. 1794లో పెర్త్ ఊళ్ళో లెక్కల పంతులయ్యాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే ఈ రేఖ సంగతి ఒక గణిత పత్రికలో రాశాడు. చివరికి 1819లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడయ్యాడు. కానీ పేరు మాత్రం సింసన్‌కు పోయింది. ఒక ఫ్రెంచి గణితవేత్త ఇది సింసన్‌దనుకుంటానని రాశాడు. తర్వాతివాళ్ళు ‘అనుకుంటాను’ వదిలేసి సింసన్ పేరు ఉంచారు.

ఇది చదివిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. డిగ్రీలో చేరినప్పుడు ఒక లెక్చరర్ నన్ను చూసి, తెలుగు మీడియం హాస్టల్ పిల్లలకు మ్యాథ్స్ కష్టం, వేరే గ్రూపు తీసుకోమన్నారు. నాతో వచ్చిన ఇద్దరు మిత్రులు ఆ మాట విని మారిపోయారు. వాళ్ళు నాకంటే బాగా లెక్కలు చేసేవాళ్ళు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. లెక్కలు మన ఇళ్ళకు కొత్తవా? మన బాక్సులో ఉండే మూలమట్టం పేరు తాపీమేస్త్రీ పనిముట్టుదే. నాన్న రోజూ దానితోనే గోడ మూల చూస్తాడు.

మన హాస్టల్లో లెక్కల నోట్సు ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చేతులు మారుతుంది. నేను పదో తరగతి ప్యాసయింది అలాంటి నోట్సుతోనే. అట్ట చిరిగిపోయి రాసిన అన్న పేరు పోయింది. అక్షరాలు గుండ్రంగా, పటాలు ఎర్ర ఇంకుతో ఉండేవి. ఆ అన్న ఈ సంచిక చదివితే వార్డెన్ గారికి పేరు చెప్పండి. నోట్సు ఇంకా వాడుతున్నారు.

తమ్ముళ్ళూ, ఇంటర్లో లెక్కల గ్రూపు ఇష్టమైతే ఎవరో భయపెట్టారని వదలకండి. మీరు సొంతంగా చేసిన లెక్క కింద మీ పేరు, తేదీ లోపలి పేజీలోనే రాయండి. అట్టలు చిరిగిపోతాయి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం)