తెల్లగుడ్డులో గోధుమ మచ్చ

మెసయీద్‌లో షట్‌డౌన్ పనులు మొదలయ్యాయంటే మా క్లినిక్ ముందు వెల్డర్లు వరస కడతారు. దోహాకు దక్షిణాన సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉక్కు, ఎరువులు, అల్యూమినియం, పెట్రోకెమికల్స్ అన్నీ ఒకేచోట చేరిన ఊరిది. పాతవాళ్లు ఉమ్ సయీద్ అనేవారు. నేనిక్కడ ఆప్టోమెట్రిస్టుని. "రాత్రి ఆర్క్ కొట్టింది సార్" అని కళ్లు నులుముకుంటూ వచ్చేవాళ్లతో నాకు పెద్ద పని ఉండదు. కార్నియా పైపొర కమిలి ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లో మానుతుంది.

నొప్పేమీ లేకుండా వచ్చేవాళ్లతోనే మాట్లాడాల్సింది ఎక్కువ. "సార్, కంట్ల మచ్చ లేచింది. కామెర్లా? మెడికల్ల ఫెయిల్ చేస్తరా?" అని అడుగుతాడు జగిత్యాల కుర్రాడు. కామెర్లైతే తెల్లగుడ్డంతా పచ్చబడుతుంది. ఇతని మచ్చ గోధుమ రంగు. నల్లగుడ్డు అంచు వెంబడి చిక్కగా ఉండి, దూరం జరిగేకొద్దీ పలచబడుతుంది. రెండో కంట్లోనూ ఉంటుంది, అతను చూసుకోలేదంతే. చామనఛాయ, నలుపు మనుషుల్లో ఇది మామూలు. రంగు తయారుచేసే మెలనోసైట్లు చర్మంలో ఉన్నట్టే తెల్లగుడ్డు మీది పలచటి పొరలోనూ ఉంటాయి.

ఈ కణాలు అన్నిచోట్లా ఒకేలా నడుచుకోవు. చర్మంలోవి తాము చేసిన మెలనిన్‌ను చుట్టుపక్కల కణాలకు పంచేస్తాయి. నల్లగుడ్డుకు రంగునిచ్చే ఐరిస్‌లోవి, దాని వెనకాల కోరాయిడ్ అనే పొరలోవి ఎవరికీ ఇవ్వవు, తమలోనే దాచుకుంటాయి. అందుకే కతార్ ఎండకు ముఖం నల్లబడుతుంది గానీ కంటి రంగు మారదు. నీలికళ్ల మనిషికీ మనకూ ఐరిస్‌లో ఈ కణాల సంఖ్య దాదాపు సమానమే, తేడా ఉన్నది లోపలి సరుకులో. గ్లాకోమాకు వాడే లాటనోప్రోస్ట్ చుక్కలు ఆ సరుకును పెంచుతాయి, కణాలను కాదు. పిల్లికళ్ల వాళ్లకు ఆ చుక్కలు రాసినప్పుడు కన్ను గోధుమ రంగుకు తిరగొచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే తర్వాత గొడవే.

మచ్చ ఏ పొరలో ఉందో తేల్చడానికి మత్తుచుక్క వేసి, దూదిపుల్లతో మెల్లగా జరిపి చూస్తాను. పొరతోపాటు జరిగితే పైదే. జరగకుండా బూడిద నీలంగా కనబడితే అది లోతుది, మెలనోసైట్లు అడుగు పొరల్లో నిలిచిపోయాయన్నమాట. కంటి చుట్టూ చర్మం కూడా అలాగే నీలంగా ఉంటే దాన్ని 1939లో వర్ణించిన జపాన్ వైద్యుడి పేరుతో ఓటా నీవస్ అంటాం. చాలావరకు పుట్టుకతో వచ్చేదే, ఎక్కువగా ఒక కంటికే. అలాంటివాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోమంటాను.

నేను నిజంగా భయపడేది ఈ కణాల్లోనే పుట్టే మెలనోమాకు. పెద్దవాళ్లలో కంటిలోపల పుట్టే క్యాన్సర్లలో అదే ఎక్కువ, లివర్‌కు పాకే గుణం దానిది. తెల్లవాళ్లతో పోలిస్తే మనలో బాగా అరుదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, కారణంగా చూపింది కంటి మెలనోమానే. కోరాయిడ్‌లో పుడితే బయటికేమీ కనిపించదు. కంపెనీ మెడికల్‌లో సాధారణంగా అక్షరాల చార్టు చదివించి పంపేస్తారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి వెనకదాకా చూస్తే తప్ప అది దొరకదు.

టాక్ వెల్డ్ వేసేటప్పుడు హెల్మెట్ దించకుండా కళ్లు మూసుకుంటే చాలనుకునే అన్నలు చాలామంది ఉన్నారు. పక్కన రాడ్ అందించే హెల్పర్‌కైతే అద్దాలే ఉండవు, అడగడానికి మొహమాటం. మొహమాటపడకండి, అడిగి తీసుకోండి. మచ్చ ఉంటే పగటి వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి. ఒక కంట్లోనే ఉన్నా, పెరుగుతున్నా, ఉబ్బినా, దాని చుట్టూ ఎర్రటి నరాలు లేచినా సెలవుకు ఇంటికెళ్లేదాకా ఆగకుండా ఇక్కడే కంటి డాక్టరుకు చూపించండి.