నేను తెల్లగా చేసిన కొంగ

ఐదు తలల పాము ఫొటో మీ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. గడ్డిలో ఐదు పడగలూ విప్పి దర్జాగా కూర్చుంటుంది. కింద "పదిమందికి పంపితే శుభం, పంపకపోతే మీ ఇష్టం" అని బెదిరింపు. మా బీర్‌గావ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఏటా నాగుల చవితికి అది తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడల్లా నేనూ తప్పకుండా దాని మీద ఒక పాఠం చెబుతాను.

పాఠం పెద్దదేమీ కాదు. పాముకి రెండు తలలుండటం అరుదైనా నిజమే. కవలలుగా విడిపోవాల్సిన పిండం సగంలో ఆగిపోతే అలా పుడతాయి. వరసగా, అందంగా, ఒకే ఎత్తులో ఐదు పడగలు మాత్రం కంప్యూటర్లోనే పుడతాయి. ఫొటోను పెద్దది చేసి చూడండి. ఒక పడగ మీద వెలుగు ఎక్కడ మెరిసిందో పక్క పడగ మీదా సరిగ్గా అక్కడే మెరుస్తుంది. ఒకే పడగను కాపీ చేసి, కాస్త వంచి, పక్కన అంటించారన్నమాట. నా పాత ఉద్యోగ భాషలో చెప్పాలంటే, ఒకే వోచరును ఐదు బిల్లులకు జతచేశారు.

ఇలా చెప్పగా చెప్పగా కాలనీలో నాకు కొంచెం పేరు కూడా వచ్చింది. అందుకే ఇవాళ రాస్తున్నది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. నకిలీ ఫొటోలు పట్టుకుంటానని పేరున్న నేనే ఒక నకిలీ ఫొటో తయారుచేశాను. పాము కాదు, కొంగ.

బీర్‌గావ్ తెలియని వారికి రెండు ముక్కలు. రాయ్‌పూర్ నగరాన్ని ఆనుకుని, ఉర్లా పారిశ్రామిక వాడ పక్కనే ఉన్న ఊరు. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు ఉన్నాయి. ఈ ప్రాంతంలో మసి గురించి ఎవరినీ అడగనక్కరలేదు. పొద్దున డాబా మీద వేలు పెట్టి రాస్తే తెలుస్తుంది. మా ఆవిడ ఆరేసిన తెల్ల పంచె సాయంత్రం తీసేసరికి బూడిద రంగుకి తిరుగుతుంది.

2018లో రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఒక కెమెరా, ఒక పొడుగాటి లెన్సు కొన్నాను. బర్నవాపారా అభయారణ్యానికి వెళ్ళాను, గిధ్వా-పర్సదా చెరువుల దగ్గర వలస పక్షుల కోసం కూర్చున్నాను. ఎక్కువగా తీసింది మాత్రం ఇంటికి దగ్గర్లోని చెరువు గట్టునే. 2019 జనవరిలో ఒక పొద్దున, మంచు విడుతుండగా, ఒక తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి కనబడింది. వరసగా పది పన్నెండు ఫొటోలు కొట్టాను. అందులో ఒకటి కుదిరింది.

కుదిరింది అంటే కొంగ కుదిరింది. మిగతాది కుదరలేదు. మెడ తెల్లగా ఉంది గానీ వీపూ రెక్కలూ మసి పట్టి బూడిద రంగులో ఉన్నాయి. కాళ్ళ దగ్గర ఒక గుట్కా ప్యాకెట్టు, ఒక పాలిథిన్ సంచి. వెనకాల ఆకాశంలో ఒక పొగగొట్టం.

మా వీధిలో కంప్యూటర్ నేర్చుకున్న కుర్రాడు ఒకడున్నాడు. "బాబాయ్‌గారూ, ఇదంతా పది నిమిషాల పని" అని గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి నేర్పించాడు. క్లోన్ టూల్ అంటే ఒకచోటి నీళ్ళను తీసి ఇంకోచోట పూయడం. దానితో సంచీ, ప్యాకెట్టూ పోయాయి. పొగగొట్టం మీద పక్కనున్న ఆకాశాన్ని పూశాను. డాడ్జ్ టూల్ అంటే ఎంచుకున్న చోట మాత్రమే వెలుగు పెంచేది. దానితో కొంగ వీపు రుద్దాను. రుద్దుతున్నకొద్దీ సబ్బు పెట్టినట్టు తెల్లబడింది. గంటసేపు రుద్దాను. నిజం చెప్పాలంటే చాలా ఆనందంగా ఉంది. చివర్లో అదే పేరుతో, అదే ఫైలు మీద సేవ్ చేశాను.

మా ఆవిడ చూసి ఒక్కమాటే అంది. "బాగుంది గానీ, మన చెరువులో ఇంత తెల్ల కొంగ ఎక్కడుందండీ?"

నేను నవ్వి ఊరుకున్నాను. జీవితమంతా ప్రశ్నించమని ఇతరులకు చెప్పినవాణ్ణి, ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

తర్వాత ఒక సంస్థవారు కేలండరు కోసం స్థానికుల ఫొటోలు అడిగారు. కొంగను ఇచ్చాను. కింద నా పేరూ, బీర్‌గావ్ అనీ వేశారు. మురిసిపోయి నాలుగు కేలండర్లు అడిగి తెచ్చుకున్నాను.

ఆ వేసవిలోనే మా కాలనీవాళ్ళం మసి గురించీ, చెరువు గురించీ ఒక కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నాం. పిలిచి మాట్లాడారు. అర్జీ రాసింది నేనే, మాట్లాడవలసిందీ నేనే. పిల్లల దగ్గూ, బావుల మీద తేలే నల్లటి తెట్టూ, చెరువూ అన్నీ వరసగా చెప్పాను. అవతల కూర్చున్న పెద్దమనిషి ఓపిగ్గా విని, గోడ మీది కేలండరు చూపించి హిందీలో మర్యాదగా అడిగాడు. "ఈ ఫొటో మీ చెరువుదే కదా? మీరు తీసిందే కదా? పక్షి ఇంత తెల్లగా, నీళ్ళు ఇంత శుభ్రంగా ఉంటే ఇంకేం కావాలండీ?"

అది నేను దిద్దిన ఫొటో అని చెప్పాను. "అయితే అసలుది చూపించండి" అన్నాడు.

అసలుది లేదు. దాని మీదే సేవ్ చేశాను కదా. మిగతా పదకొండూ బాగాలేవని అప్పటికే తీసిపారేశాను.

మా అర్జీలో చెరువు సంగతి ముందుకు కదలలేదు. దానికి ఫొటో ఒక్కటే కారణమని అనను, అది నేను రుజువు చేయలేను. కానీ ఆ గదిలో మా వాళ్ళు ఏడుగురు నా వైపు చూసిన చూపు మాత్రం నాకు గుర్తుంది.

ముప్ఫై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం ఒకటుంది. అంకె తప్పు పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. కింద అంకె కనబడేటట్టు ఒక్క గీత కొట్టాలి, పైన సరైన అంకె వేయాలి, తేదీతో పొడి సంతకం పెట్టాలి. రబ్బరు పెట్టి చెరిపిన కాగితం, అందులో లెక్క సరిగ్గానే ఉన్నా సరే, వెనక్కి పోతుంది. దిద్దడం తప్పు కాదు. దిద్దిన సంగతి కనబడకుండా చేయడం తప్పు. ఈ నియమం కింద నేనెన్ని బిల్లులు వెనక్కి పంపానో లెక్కలేదు. అదే చేత్తో కొంగను రుద్దాను.

"అయితే ఫొటోలు అసలు దిద్దకూడదా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. అలా అనడమూ మూఢనమ్మకమే. దిద్దని ఫొటో అనేదే లేదు. మామూలుగా కెమెరా ఇచ్చే జేపెగ్ ఫొటోలో రంగు, పదును, వెలుగు కెమెరాయే తనకు తోచినట్టు దిద్ది ఇస్తుంది. తెల్లవారుజామున తీస్తే అంతా నీలంగా రావచ్చు. ఆ నీలాన్ని తగ్గించడం అబద్ధం కాదు, కెమెరా వేసిన తప్పుడు అంచనాను సరిచేయడం. పద్ధతిలో తేడా ఉంది. నీలం అయితే నీళ్ళ మీదా, గడ్డి మీదా, కొంగ మీదా ఒకేలా పరుచుకుంటుంది, ఫొటో మొత్తానికి ఒకేలా సరిచేస్తాం. నా కొంగకు మెడ తెల్లగానే ఉండి వీపు మాత్రమే బూడిదగా ఉంది. అది వెలుగు తప్పు కాదు, మసి. వీపు మాత్రమే ఎంచుకుని రుద్దిన క్షణానే నేను సరిచేయడం మానేసి కల్పించడం మొదలుపెట్టాను.

లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వన్యప్రాణుల ఫొటోల పోటీలో గీత ఇంచుమించు ఇక్కడే గీశారు. వెలుగూ రంగూ కొంతవరకు సరిచేయవచ్చు, అంచులు కత్తిరించవచ్చు. ఒక వస్తువును చేర్చడం, తీసేయడం కుదరదు. చివరి దశకు వచ్చినవారిని రా ఫైలు అడుగుతారు. రా ఫైలంటే కెమెరా లోపలి సెన్సరు నమోదు చేసిన ముడి లెక్క. మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాని మీద రాయవు, చేసిన మార్పులను వేరేగా దాచుకుంటాయి. అంటే అది అసలు వోచరు.

అసలు వోచరు అడిగితే ఏమవుతుందో రెండు ఉదంతాలు చాలు. స్వీడన్‌లో తెర్యె హెల్లెసో అనే ఫొటోగ్రాఫరుకు 2010లో అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ప్రకృతి ఫొటోగ్రాఫరుగా పురస్కారం ఇచ్చింది. 2011లో గుట్టు బయటపడింది. జులైలో తీశానన్న ఫొటోలో లింక్స్ అనే అడవి పిల్లికి చలికాలపు బొచ్చు ఉంది! ఇంకెక్కడి బొమ్మలో అడవిలో అతికించాడు. రెండోది చైనాలోది. 2007 అక్టోబరులో షాన్‌శీ రాష్ట్ర అటవీ శాఖ, కనుమరుగైందనుకున్న దక్షిణ చైనా పులి దొరికిందని ఒక రైతు తీసిన ఫొటోలు విడుదల చేసింది. జనం పరిశీలించి చూస్తే ఏ ఫొటోలో చూసినా పులి భంగిమ ఒక్కటే. చివరికి అది గోడకు తగిలించుకునే పండగ బొమ్మలోని పులి అని తేలింది. 2008 జూన్‌లో ఫొటోలు నకిలీవని అధికారికంగా ప్రకటించారు. అన్ని బిల్లులకూ ఒకే వోచరు. మన ఐదు తలల పాముకి చైనా తమ్ముడు.

ఇవి చదివి నవ్వుకోవడం తేలిక. పేరు కోసం అబద్ధమాడినవాళ్ళు దొరికిపోయారు, మనకేం? అసలు చిక్కు, మన పక్షాన న్యాయం ఉన్నప్పుడు వస్తుంది.

2025 మార్చి చివర్లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న నాలుగు వందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. అక్కడ జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, అది నిజం. కానీ ఫోన్లలో తిరిగిన బొమ్మల్లో కొన్ని కృత్రిమ మేధతో తయారైనవి. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్ళు బారులు తీరి నిలబడ్డట్టు. ఎవరో కావాలని మోసం చేయాలని చేసి ఉండకపోవచ్చు, బాధతోనే చేసి ఉండవచ్చు. ఫలితం ఏమైంది? చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదకు జరిగింది. నకిలీ చిత్రాలతో తప్పుడు ప్రచారం చేశారని ప్రభుత్వం అంది, కేసులు పెట్టారు, ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు వెళ్ళింది. అక్కడ నిజంగా కెమెరాతో తీసినవాళ్ళ ఫొటోలనూ అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. ఆ రోజే చేసిన ఇంకో పని గమనించండి. హైకోర్టు రిజిస్ట్రారును స్వయంగా వెళ్ళి చూసి రమ్మంది. సుమారు వంద ఎకరాలు చదును చేశారనీ, అక్కడ నెమళ్ళు, జింకలు కనబడ్డాయనీ ఆయన నివేదిక. ఒక మనిషి కాళ్ళతో వెళ్ళి కళ్ళతో చూసి సంతకం పెట్టిన కాగితం. ఏ కృత్రిమ జింకా అవసరం పడలేదు.

ఆ రోజు పేపర్లో అది చదువుతుంటే నా కొంగ గుర్తొచ్చింది. వాళ్ళు నిజమైన నష్టాన్ని ఇంకా గట్టిగా చెప్పాలని బొమ్మ చేశారు. నేను నిజమైన నష్టాన్ని అందం కోసం తుడిచేశాను. ఇద్దరం చేసింది ఒకటే, అవతలివాడికి "అసలుది చూపించు" అనే హక్కు ఇచ్చి, చూపించడానికి చేతిలో ఏమీ లేకుండా నిలబడ్డాం. మనం దేవుళ్ళనీ బాబాలనీ రుజువు అడిగేవాళ్ళం. మన అర్జీకి మాత్రం రుజువు అక్కరలేదని ఎలా అనుకుంటాం?

ఇప్పుడు నేను రా ఫైల్లోనే తీస్తాను. ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడిగా డిస్కులో. పాత అలవాటు పోక ఒక రూళ్ళ పుస్తకం కూడా పెట్టాను. తేదీ, చోటు, ఏం మార్చాను, ఎందుకు మార్చాను, పక్కన పొడి సంతకం. మా ఆవిడ ఆ పుస్తకం చూసి "రిటైరయ్యారనుకున్నానే" అంటుంది.

నాగుల చవితికి పాము ఫొటో మళ్ళీ వచ్చింది. ఈసారి పాఠంతో పాటు కేలండరులోని కొంగను కూడా స్కాన్ చేసి గ్రూపులో పెట్టాను. ఇది నేను చేసిన నకిలీ, వీపు చూడండి, నీళ్ళలో ఒకే అల రెండుచోట్ల ఉంది చూడండి అని రాశాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె "మూడుచోట్ల ఉంది తాతగారూ" అని గుర్తు పెట్టి పంపింది. లెక్కపెట్టి చూశాను. మూడే.