యూరియా రోజులు

19 ఆగస్టు 2025, మంగళవారం

మహేశ్వరం దగ్గరి మా బామ్మర్ది పొద్దున్నే ఫోన్ చేశాడు. సొసైటీ ముందు చెప్పులు లైన్ల పెట్టి చెట్టు కింద కూసున్నడట. "మనిషికి ఒక్కటే బస్తా అంట బావా. నాట్లేసి నెల దగ్గరికొచ్చె, పొలం ఎర్రబడ్తంది." గంట తర్వాత మళ్లీ చేశాడు, స్టాక్ అయిపోయిందని.

యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 21 కిలోల లోపే. వరికి ఒంటబట్టేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతాది అమోనియాగా గాలిలోకి పోవడమో, నీటితో దిగిపోవడమో.

21 ఆగస్టు, గురువారం

రోజంతా మబ్బు. శంషాబాద్‌లో దిగే విమానాల మోత వినిపిస్తోంది గానీ విమానం కనబడటం లేదు.

ముసురులో యూరియా చల్లితే బాగా దిగుతుందని మా బామ్మర్ది నమ్మకం. వేరు నత్రజని తాగుతుంది, నిజమే. దాన్ని అమైనో ఆమ్లాలుగా, మాంసకృత్తులుగా మార్చుకోవడానికి కర్బనం కావాలి, శక్తి కావాలి. రెండూ ఆకు ఎండలో చేసుకున్న చక్కెర నుంచే రావాలి. నత్రజని లేకపోతే ఆ చక్కెరా తయారు కాదు: గాలిలోని కర్బనాన్ని పట్టే రుబిస్కో అనే ఎంజైము ఒక్కటే వరి ఆకు నత్రజనిలో పావు వంతు దాకా మింగుతుంది. ఎండ చాలనప్పుడు నత్రజని కుమ్మరిస్తే ఆకులో అమైనో ఆమ్లాలు పేరుకుపోతాయి. సుడిదోమకూ అగ్గి తెగులుకూ అంతకంటే విందు లేదు. ఫోన్లో చెప్పాను. "మరి బస్తా దొరికిన నాడు సల్లక, ఎండొచ్చేదాంక దాసుకోవాల్నా?" అన్నాడు.

24 ఆగస్టు, ఆదివారం

2018లో నేచర్ పత్రికలో వచ్చిన చైనా శాస్త్రవేత్తల పరిశోధన మళ్లీ చదివాను. 1966 నాటి ఐఆర్ 8 మొదలుకొని హరిత విప్లవపు పొట్టి వరులు ఎరువు ఎక్కువైనా పడిపోకుండా నిలబడ్డాయి. కాడను పొట్టిగా ఉంచే డెల్లా ప్రోటీను బ్రేకు లాంటిది. జీఆర్ఎఫ్4 అనే మరో ప్రోటీను ఆక్సిలరేటరు. నత్రజని పీల్చడం, కర్బనం పట్టడం, ఎదగడం, మూడింటినీ కలిపి నడిపించేది అదే. పొట్టి రకాల్లో డెల్లా ఎక్కువ కాబట్టి నత్రజని వాడకమూ మందగించింది. జీఆర్ఎఫ్4 పెరిగే సహజ జన్యురూపాన్ని తెచ్చి కలిపితే మొక్క పొట్టిగానే ఉండి, తక్కువ ఎరువుతో మంచి దిగుబడి ఇచ్చింది.

అంటే యూరియా ఆకలి విత్తనంలోనే ఉంది. అరవై ఏళ్లుగా ఆ విత్తనాలిచ్చి, ఇప్పుడు రైతుకు దురాశ అనడం నాకు నచ్చదు.

31 ఆగస్టు, ఆదివారం

పక్కనే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో నత్రజని వేయని మళ్లలో రకాలను పెంచి వడపోస్తున్నారు. అక్కడ నెగ్గుకొచ్చిన వాటిలో వరధన్ ఒకటి. మే 4న ఢిల్లీలో ప్రకటించిన కమల రకం కూడా ఈ సంస్థదే: బాపట్లలో పుట్టిన సాంబ మసూరిలో సీకేఎక్స్2 జన్యువును సవరించి చేశారు. కోత దాదాపు 20 రోజులు ముందు, దిగుబడి 19 శాతం ఎక్కువ అని ప్రకటన. పొలంలో రోజులు తగ్గితే నీళ్లూ ఎరువూ కలిసొస్తాయి. ఇది సైటోకైనిన్ అనే హార్మోను దారి, జీఆర్ఎఫ్4 కాదు. రెండూ ఒకే సాంబ మసూరిలో కలిస్తే ఏమవుతుందో చూడాలని ఉంది.

బామ్మర్దికి ఈ సంగతి చెప్పాను. విత్తనం ఎప్పుడొస్తదని అడిగాడు. ఇంకా కొన్నేళ్లన్నాను. అయితే రేపు నాలుగింటికే సొసైటీకి పోతనన్నాడు.